కొండవాలు ఇల్లు, ప్రభుత్వం బాధ్యత

(విశాఖపట్నంలో వార్డు సచివాలయ సిబ్బంది, న్యాయ విద్యార్థులు, కాలనీ సంఘాల ప్రతినిధుల ముందు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

2011 జనగణనలో మన ఊరి గురించి ఒక అంకె ఉంది. పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లో, మురికివాడల్లో ఉండే కుటుంబాల శాతం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది గ్రేటర్ విశాఖపట్నంలోనే. నూటికి 44.1 కుటుంబాలు. ముంబయిలో అది 41.3. ఆ తర్వాత రావాల్సిన జనగణన వాయిదా పడుతూ వచ్చింది కాబట్టి, మురికివాడల ప్రణాళికలు చాలావరకు ఆ పాత లెక్క మీదే నడిచాయి. బీచ్ రోడ్డు మీద నిలబడితే ఈ 44 శాతం కనబడదు. తాటిచెట్లపాలెం, మాధవధార, హనుమంతవాక, ఆరిలోవ వైపు వెళ్ళి కొండ కింద నిలబడి తలెత్తి చూడాలి.

ఇళ్ళ విషయంలో ఏ ప్రభుత్వమైనా చెప్పే లెక్క ఒకటే. ఎన్ని ఇళ్ళు మంజూరు చేశాం, ఎన్ని పట్టాలు పంచాం. మన దేశం ఒప్పుకున్న బాధ్యత అడిగే లెక్క వేరు. ఉన్న గూడు పోకుండా చూశారా? ఇచ్చిన చోట ఆ కుటుంబం బతకగలుగుతోందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు లేకుండా లక్ష ఇళ్ళు కట్టినా బాధ్యత తీరినట్టు కాదు. ఈ పూట నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే.

ముందు ఆ బాధ్యత ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1966 డిసెంబరు 16న ఆమోదించింది. 1976 జనవరి 3 నుంచి అమల్లో ఉంది. భారతదేశం 1979 ఏప్రిల్ 10న చేరింది. అందులో 11వ అధికరణం తగినంత తిండి, బట్ట, ఇల్లు ప్రతి మనిషి హక్కు అంటుంది. చేరేటప్పుడు మన ప్రభుత్వం 1, 4, 7, 8 అధికరణాల మీద తన వివరణలు రాయించుకుంది. 11 మీద ఏ షరతూ పెట్టలేదు. అంటే ఇంటి హక్కును మనం పూర్తిగా ఒప్పుకున్నాం.

సంతకం ఢిల్లీ పెట్టింది, మా కార్పొరేషన్‌కేం సంబంధం అని అధికారులు అనడం మామూలే. దానికి జవాబు ఆ ఒడంబడికలోనే 28వ అధికరణంలో ఉంది. సమాఖ్య దేశాల్లో అన్ని భాగాలకూ, ఏ మినహాయింపూ లేకుండా ఇది వర్తిస్తుంది. మన రాజ్యాంగం వైపు నుంచి చూసినా అంతే. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో 10వ అంశం మురికివాడల అభివృద్ధి, 11వ అంశం పట్టణ పేదరిక నిర్మూలన. ఈ రెండూ నగరపాలక సంస్థలకు అప్పగించదగిన పనులుగా రాజ్యాంగమే రాసి పెట్టింది.

రెండో సాకు డబ్బు. ఒడంబడిక 2వ అధికరణం అందుబాటులో ఉన్న వనరులను గరిష్ఠంగా వాడి, దశలవారీగా హక్కును నెరవేర్చాలంటుంది. ఇందులో "దశలవారీగా" అన్నదాన్ని మాత్రం పట్టుకుని, "వీలైనప్పుడు చేస్తాం" అని చదువుతారు. ఈ ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ, అధికరణాలకు తాను చెప్పే అర్థాన్ని సాధారణ వ్యాఖ్యలుగా వెలువరిస్తుంది. 1990లో ఇచ్చిన మూడో సాధారణ వ్యాఖ్యలో దీన్ని తేల్చేసింది. కొన్ని పనులకు దశలు లేవు, వాటిని వెంటనే చేయాలి. కులం, మతం, ఆడామగా తేడా చూపకూడదు. స్పష్టమైన చర్యలు మొదలుపెట్టాలి. కనీస స్థాయి గూడు, తిండి, వైద్యం, ప్రాథమిక విద్య లేకుండా జనం పెద్ద సంఖ్యలో ఉంటే, ఆ దేశం పైకి చూడగానే బాధ్యత తప్పినట్టే లెక్క. డబ్బు లేదంటే, ఉన్న డబ్బంతా ముందు దీనికే వాడే ప్రయత్నం చేశామని నిరూపించుకోవాల్సింది ప్రభుత్వమే. ఇంకోటి, ఉన్న స్థితి నుంచి జనాన్ని వెనక్కి నెట్టకూడదు. ఇల్లు ఉన్న కుటుంబాన్ని ఇల్లు లేని కుటుంబంగా మార్చడం ఇక్కడికి వస్తుంది. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఆపడమే కావాలి. చాలామంది అధికారులకు ఈ సంగతి అసలు తట్టదు.

కనీస స్థాయి అన్నాను కదా, దాన్ని మన ఊరికి లెక్క కట్టి చూద్దాం. 2024 దాకా నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అనే కేంద్ర పథకం నిబంధన ప్రకారం ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం వందమందికి సరిపోయే ఒక శాశ్వత రాత్రి వసతి గృహం ఉండాలి. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. 2011లో మన నగర జనాభా 17 లక్షలు దాటింది. అంటే ఆనాటి లెక్కకే పదిహేడు వసతి గృహాలు, 1,700 మందికి పడకలు ఉండాలి. రైల్వే స్టేషన్ ముందు, కేజీహెచ్ ఆసుపత్రి గేటు దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల రాత్రి పదకొండు తర్వాత ఎంతమంది పడుకుంటున్నారో లెక్కపెట్టండి. తర్వాత కార్పొరేషన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఎన్ని గృహాలున్నాయి, ఒక్కోదానిలో ఎన్ని పడకలు, ఆడవాళ్ళకు విడిగా ఎన్ని, ఏ ఏ నెలల్లో ఎంతమంది ఉన్నారు అని అడగండి. రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తగిన ఇల్లు అంటే ఏమిటి? 1991లో వచ్చిన నాలుగో సాధారణ వ్యాఖ్య ఏడు కొలతలు చెప్పింది. ఖాళీ చేయిస్తారన్న భయం లేకుండా ఉండే భద్రత, నీళ్ళూ కరెంటూ వంటి సదుపాయాలు, భరించగల ఖర్చు, నివాసానికి పనికొచ్చే కట్టడం, ముసలివారికీ వికలాంగులకూ అందుబాటు, పనికీ బడికీ ఆసుపత్రికీ దగ్గరగా ఉండే చోటు, ఆ మనుషుల జీవన విధానానికి సరిపోవడం. ఏడింటినీ సమానంగా చెప్పుకుంటూ పోను. మన ఊళ్ళో ఎక్కడ తేడా వస్తోందో అక్కడే ఆగుతాను.

భద్రతతో మొదలుపెడదాం. మన కొండవాలు పేటల్లో ఒక ఇంట్లో ఇనపపెట్టె తెరిస్తే ఏముంటుంది? ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, బియ్యం కార్డు, ఓటరు కార్డు, ఎప్పుడో ఎమ్మార్వో ఇచ్చిన పొసెషన్ సర్టిఫికెట్. ఇల్లాలు వీటన్నిటినీ పట్టా అంటుంది. చట్టం మాత్రం ఒక్కోదాన్ని ఒక్కోలా చూస్తుంది. ఇంటి పన్ను కడితే కార్పొరేషన్‌కు ఆదాయం వస్తుంది, స్థలం మీద హక్కు రాదు. కరెంటు మీటరుకు యజమానే కానక్కర్లేదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఆ ఇంట్లో ఉంటున్నవారు అడిగినా ఇవ్వాలి. కాబట్టి కరెంటు బిల్లు హక్కు పత్రం కాదు, కానీ ఫలానా సంవత్సరం నుంచి ఫలానా చోట కాపురం ఉన్నామనడానికి దాన్ని మించిన రుజువు లేదు. పాత బిల్లులు పారేయకండి. డి-పట్టా అంటే ప్రభుత్వం కేటాయించిన స్థలం. దాన్ని అమ్మడం మీద 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆంక్షలు పెట్టింది. తెల్ల కాగితం మీద కొనుక్కున్నవారికి చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆక్రమణల క్రమబద్ధీకరణకు 2025 జనవరిలో వచ్చిన 30వ నంబరు జీవో 2019 అక్టోబరు 15ను హద్దు తేదీగా పెట్టింది. అంతకుముందు నుంచి ఇల్లు కట్టుకుని ఉన్న పేద కుటుంబానికి 150 చదరపు గజాల వరకు ఉచితం అంది. మంచి మాటే. అయితే "అభ్యంతరం లేని" ప్రభుత్వ భూమి అయి ఉండాలి. మన దగ్గర అత్యంత పేదవాళ్ళు ఎక్కడున్నారు? గెడ్డ (వాగు) గట్టు మీద, రోడ్డు వెడల్పు గీతలో, రైలు పట్టాల పక్కన. అవన్నీ అభ్యంతరకరమైనవే. అంటే ఎవరికి భద్రత అన్నిటికంటే అవసరమో వాళ్ళే జాబితాలోంచి ముందు జారిపోతారు. వీళ్ళకు ప్రత్యామ్నాయం ఏమిటన్నది ఆ జీవోతో పాటే రాసి ఉండాల్సింది. ఇక సింహాచలం పంచగ్రామాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. అక్కడ ఉన్నవారంతా పేదలు కారు. అయినా దేవస్థానం భూమి వివాదంలో దశాబ్దాలుగా రిజిస్ట్రేషన్‌కీ, ప్లాను అనుమతికీ తిరుగుతూనే ఉన్నారు. భద్రత లేకపోతే ఇంటికి మరమ్మతు కూడా జరగదు. రేపు ఉంటుందో లేదో తెలియని గోడకు ఎవరు సిమెంటు పూస్తారు?

తర్వాత నీళ్ళు, మెట్లు. ఇవి చిన్న విషయాలనుకుంటారు. మనిషికి రోజుకు 50 లీటర్లు చాలా తక్కువ లెక్క. ఐదుగురున్న ఇంటికి 250 లీటర్లు. కుళాయి కొండ కింద ఉంటే, పదిహేను లీటర్ల బిందెతో పదిహేడు సార్లు మోయాలి. మోసేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళే. జాతీయ భవన నిర్మాణ స్మృతి ఇంటి మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదని, అడుగు పెట్టే చోటు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదని చెబుతుంది. కొండవాలు దారిలో ఎవరికి వారు రాయి పేర్చి వేసుకున్న మెట్లకు టేపు పెట్టి చూడండి. అడుగు ఎత్తు, అడుగున్నర ఎత్తు కూడా ఉంటాయి, ఒకటి ఉన్నట్టు ఒకటి ఉండదు. నిండు గ్యాసు బండ సుమారు 30 కిలోలు. దాన్ని పైకి మోసుకెళ్ళడానికి కూలి వేరే ఇచ్చుకోవాలి. నెలలు నిండిన గర్భిణిని అదే మెట్ల మీదుగా దించి అంబులెన్సు ఎక్కించాలి. కాలనీకి ఒక దారి, దానికి సమాన ఎత్తు మెట్లు, పక్కన ఇనప రెయిలింగు, పైన ఒక నీళ్ళ ట్యాంకు, దానికి పంపు. వందల కోట్లు అక్కర్లేని పనులివి. హక్కు అన్నప్పుడు ముందు అడగాల్సింది వీటినే.

కట్టడం గురించి చెప్పాల్సింది ఎక్కువే ఉంది, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోతాయి. మన కొండలు చాలావరకు ఖొండలైట్ రాయి. పైపొర గాలికీ వానకీ చివికి ఎర్రమట్టిగా, బంకగా మారుతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా నిలుస్తుంది. రెండు రోజులు వాన పట్టిందంటే నీళ్ళు తాగి బరువెక్కి కిందికి జారుతుంది. దీనికి అడ్డంగా ఇళ్ళవాళ్ళే రాతి గోడ కట్టుకుంటారు. అది కూలడానికి కారణం చాలాసార్లు గోడ బలహీనత కాదు, వెనక నిలిచిన నీళ్ళు. మట్టి ఒత్తిడి మీద నీళ్ళ ఒత్తిడి తోడవుతుంది. అందుకే గోడలో సుమారు ఒకటిన్నర మీటరుకు ఒకటి చొప్పున మూడు, నాలుగు అంగుళాల గొట్టాలు బయటికి వాలుగా పెట్టాలి. వాటి వెనక మట్టి కాకుండా కంకర నింపాలి. లేకపోతే మట్టి కొట్టుకొచ్చి గొట్టం మూసుకుపోతుంది. గోడ పైన వాననీటిని పక్కకు తీసుకెళ్ళే కాలువ ఉండాలి. స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు నేరుగా వాలు మీద వదిలితే వాన లేని రోజుల్లో కూడా మట్టి నానుతూనే ఉంటుంది. పై ఇంటివాళ్ళ మురుగు కింది ఇంటి గోడను కూలుస్తుంది. ఇది ఏ ఒక్క కుటుంబం తన డబ్బుతో బాగుచేసుకోగల పని కాదు. వాలు మొత్తాన్ని ఒకటిగా చూసి కాలువలు వేయాలి. ఆ పని కార్పొరేషన్‌ది.

కొండచరియ ప్రమాదాన్నే కారణంగా చూపి మొత్తం పేటను ఖాళీ చేయిస్తామని కూడా అంటారు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇంజనీరు ఇంటింటికీ తిరిగి చూశారా? ఎన్ని ఇళ్ళు నిజంగా ప్రమాదంలో ఉన్నాయి, ఎన్నిటికి గోడా కాలువా చాలు అన్న నివేదిక ఉందా? నిజంగా ప్రమాదంలో ఉన్న ఇంటిని ఖాళీ చేయించడం ప్రభుత్వం బాధ్యతే, వానకు ముందే చేయించాలి కూడా. ఇరవై ఇళ్ళ ప్రమాదం చూపించి రెండు వందల ఇళ్ళు తీసేయడం మాత్రం ఒప్పుకోదగినది కాదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఈ ఊరి మీద పడినప్పుడు రేకుల కప్పులు ఎలా లేచిపోయాయో చూశాం. కప్పు రేకుకు నాలుగు మూలలా బిగించిన బోల్టూ, దూలం నుంచి గోడలోకి దిగిన ఇనప పట్టీ ఉన్న ఇంటికీ, పైన రాళ్ళు పెట్టి వదిలేసిన ఇంటికీ తేడా అప్పుడే తెలుస్తుంది.

ఇక చోటు. ఏడు కొలతల్లో మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయేది ఇదే. 2020 నుంచి 2024 దాకా ఇచ్చిన ఇళ్ళ స్థలాలు పట్టణాల్లో సెంటు. సెంటంటే 48.4 చదరపు గజాలు, 435.6 చదరపు అడుగులు. విశాఖ పేదల కోసం చుట్టుపక్కల మండలాల్లో భూసమీకరణ చేసి పెద్ద లేఅవుట్లు వేశారు. సబ్బవరం వైపు, అనకాపల్లి వైపు, ఆనందపురం వైపు. ఇప్పుడు పెదవాల్తేరులో నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఒకామెను ఊహించుకోండి. పొద్దున్న ఆరున్నరకు మొదటింట్లో ఉండాలి. తొమ్మిదింటికి మళ్ళీ ఇంటికి వచ్చి పిల్లల్ని బడికి పంపాలి. సాయంత్రం మళ్ళీ రెండిళ్ళు. ఆమె బతుకు అంతా నడిచి వెళ్ళే దూరంలో ఉంది. ముప్ఫై కిలోమీటర్ల అవతల ఆమెకు ఇల్లు ఇస్తే రెండు బస్సులు మారాలి, రోజుకు మూడు నాలుగు గంటలు పోతాయి. ఆరున్నర పని పోతుంది, సాయంత్రం పని పోతుంది. ఇల్లు వచ్చింది, ఆదాయం సగమైంది. ఆమె ఏం చేస్తుందో అందరికీ తెలుసు. పాత పేటలోనే ఒక గది అద్దెకు తీసుకుంటుంది, కొత్త ఇల్లు తాళం వేసి ఉంటుంది. సర్వే అధికారి వచ్చి "లబ్ధిదారులు ఉండటం లేదు, వీళ్ళకు అవసరం లేదు" అని రాస్తాడు. తప్పు స్థలం ఎంపికలో జరిగింది, నేరం ఆమె మీద పడుతుంది.

జాలరిపేటల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పడవ, వల, చేపలు ఎండబెట్టే ఇసుక, వేలం జరిగే చోటు, అన్నీ కలిపితేనే ఆ ఇల్లు. రెండో అంతస్తులో ఎంత మంచి ఫ్లాటు ఇచ్చినా వల ఎక్కడ ఆరేస్తారు? కమిటీ చెప్పిన జీవన విధానానికి సరిపోవడం అన్న కొలతకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఖర్చు దగ్గర టిడ్కో ఇళ్ళు, అంటే పట్టణ పేదలకు ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లు, చూద్దాం. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు రకాలు. పెద్ద రకాలకు బ్యాంకు రుణం జోడించారు. మూడు లక్షల రుణం, ఇరవై ఏళ్ళు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే నెలకు వాయిదా సుమారు 2,700 రూపాయలు. ఇల్లు చేతికి రాకముందే వాయిదా మొదలైతే ఆ కుటుంబం ఇప్పుడున్న ఇంటి అద్దె కూడా కట్టాలి. రెండు మూడు వాయిదాలు తప్పాయంటే సిబిల్ స్కోరు దెబ్బతిని, రేపు డ్వాక్రా రుణం దగ్గర చిక్కు వస్తుంది. కాబట్టి తాళం చేతికిచ్చిన తేదీ నుంచే వాయిదా మొదలవ్వాలని ఒప్పందంలో రాయించుకోవాలి. ఇంకో ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. మోటారు కరెంటు బిల్లు, ట్యాంకు శుభ్రం, మెట్ల లైట్లు, సెప్టిక్ ట్యాంకు ఎత్తించడం. నివాసుల సంఘం రిజిస్టరు కాకపోతే ఆ మీటరు ఎవరి పేరున ఉంటుందో తేలదు. బిల్లు పేరుకుపోతుంది, కనెక్షన్ పీకేస్తారు, మూడో అంతస్తుకు నీళ్ళు ఆగిపోతాయి. మంచి ఫ్లాట్లు మురికివాడలయ్యేది ఇలాగే.

ఇప్పుడు కూల్చివేతలు. 1997లో కమిటీ ఇచ్చిన ఏడో సాధారణ వ్యాఖ్య స్పష్టంగా ఉంది. బాధితులతో నిజమైన సంప్రదింపులు జరగాలి. తగిన గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ భూమిని ఎందుకు వాడబోతున్నారో చెప్పాలి. కూల్చేటప్పుడు అధికారులు స్వయంగా ఉండాలి, కూల్చేవారెవరో తెలియాలి. రాత్రిపూట, వాతావరణం బాగాలేనప్పుడు చేయకూడదు. న్యాయస్థానానికి వెళ్ళే దారి, అవసరమైతే ఉచిత న్యాయ సహాయం ఉండాలి. దేనివల్లా ఎవరూ నిలువనీడ లేనివారు కాకూడదు.

మన సుప్రీంకోర్టు బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల ఓల్గా టెల్లిస్ కేసులో 1985 జులైలో జీవనోపాధి జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఈ ఒక్క వాక్యాన్నే అందరూ చెబుతారు. అదే తీర్పు ఫుట్‌పాత్‌ను ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పింది. నోటీసు లేకుండా తొలగించవచ్చన్న బొంబాయి మున్సిపల్ చట్టం సెక్షన్‌ను కొట్టేయలేదు. అయితే ఆ అధికారాన్ని మామూలుగా వాదన విన్న తర్వాతే వాడాలని దానికి అర్థం చెప్పింది. వానాకాలం పోయేదాకా, అంటే అక్టోబరు 31 దాకా, కూల్చవద్దంది. 1995లో చమేలీ సింగ్ కేసులో గూడు అంటే తల మీద కప్పు మాత్రమే కాదని, చోటు, వెలుతురు, గాలి, నీళ్ళు, కరెంటు, పారిశుద్ధ్యం, రోడ్డు కలిసినదని రాసింది. ఆ కేసులో కోర్టు నిలబెట్టింది దళితుల ఇళ్ళ కోసం చేసిన భూసేకరణను. పేదల పక్షాన ఏది గెలిచిందో, ఏది ఓడిందో రెండూ తెలిసి కోర్టుకు వెళ్ళాలి.

కూల్చివేతల మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న ఇచ్చిన తీర్పు అందరి నోటా ఉంది. పదిహేను రోజుల నోటీసు, రిజిస్టర్డ్ పోస్టు, గోడకు అంటించడం, వ్యక్తిగతంగా వాదన వినడం, ఉత్తర్వు తర్వాత మళ్ళీ పదిహేను రోజులు, వీడియో తీయడం. ఇవన్నీ నిజమే. కానీ దయచేసి మినహాయింపు చదవండి. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నది లేదా చెరువు వంటి నీటి వనరుల్లో ఉన్న అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవు. కోర్టే కూల్చమని చెప్పినచోట కూడా వర్తించవు. గెడ్డ గట్టున ఉన్న కుటుంబానికి ఈ తీర్పు ఒక్కటే చూపించి ధైర్యం చెబితే వాళ్ళను మోసం చేసినట్టే. వాళ్ళకు ఓల్గా టెల్లిస్ ఉంది, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం ఉంది. వాదన వాటి మీద కట్టాలి.

ప్రభుత్వ భూమి అయితే తహశీల్దారు సాధారణంగా 1905 భూ ఆక్రమణ చట్టం 7వ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు, 6వ సెక్షన్ కింద ఖాళీ చేయిస్తారు. ఇది తొందర పద్ధతి. భూమి ఎవరిదన్నదాని మీద నిజమైన వివాదం, ఏళ్ళ తరబడి కాపురం ఉన్నచోట ఈ తొందర పద్ధతి కుదరదని, ప్రభుత్వం సివిల్ కోర్టుకే వెళ్ళాలని 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే. ఇంత ఉపయోగపడే తీర్పు నోటీసులకు ఇచ్చే జవాబుల్లో కనబడకపోవడం నాకు బాధ.

పునరావాసం ఎక్కడ దెబ్బతింటుందంటే సర్వేలో. ఉక్కు కర్మాగారం నిర్వాసితుల ఆర్ కార్డు (పునరావాస కార్డు) మాట ఈ ఊళ్ళో తెలియనివారు లేరు. జాబితాలో పేరున్నదీ లేనిదీ తరాల తరబడి వెంటాడుతుంది. ఒక డోరు నంబరుకు ఒక కుటుంబమని రాస్తే పెళ్ళయిన ఇద్దరు కొడుకుల కుటుంబాలు మాయమవుతాయి. కూలికి పోయినప్పుడు వచ్చి తాళం వేసి ఉందని రాస్తే ఆ ఇల్లే లేనట్టు. అద్దెకున్నవారిని అసలు లెక్కలోకే తీసుకోరు, కూల్చివేతలో సామాను పోయేది మాత్రం వాళ్ళదే. యజమాని అన్న గడిలో భర్త పేరు రాస్తే, వదిలేసిపోయిన భర్త తిరిగొచ్చి స్థలం అమ్ముకోవచ్చు. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు సొంత స్థలం లేకపోయినా, నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్ళుగా అక్కడే ఉన్న కుటుంబానికి ఇల్లు ఇవ్వాలంటుంది, పట్టణాల్లో 50 చదరపు మీటర్లకు తగ్గకుండా. ఇదే ఊళ్ళో 2020 నాటి భూసమీకరణ జీవోలో పదేళ్ళకు మించి సాగులో ఉన్నవారికి ఎకరాకు 450 చదరపు గజాల స్థలం, ఐదు నుంచి పదేళ్ళు ఉన్నవారికి 250 చదరపు గజాలు అన్నారు. పట్టా లేని మనిషికి ఏమీ రాదన్న మాట ప్రభుత్వం తానే తప్పని ఒప్పుకున్నట్టు కదా. మురికివాడ దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం ఎందుకు మారాలి?

సంఘాల వాళ్ళు రాసుకుంటామన్నారు కాబట్టి నోటీసు వచ్చాక చేయాల్సినవి నిదానంగా చెబుతాను. అందిన తేదీ, సమయం నోటీసు వెనకే రాయండి, గోడకు అంటించి ఉంటే ఫోటో తీయండి. ఏ చట్టం, ఏ సెక్షన్, ఎవరి సంతకం, జవాబుకు ఎన్ని రోజులు, సర్వే నంబరు సరైనదేనా చూడండి. సర్వే నంబరు తప్పుగా ఉండటం మీరనుకున్నంత అరుదు కాదు. గడువులోగా జవాబు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నోటి మాటగా "సార్‌తో మాట్లాడాం, చూస్తామన్నారు" అన్నది కోర్టులో దేనికీ పనికిరాదు. జవాబులో ఎన్నేళ్ళుగా ఉన్నారో, ఇంట్లో ముసలివారు, వికలాంగులు, చదువుకునే పిల్లలు ఎందరో, పని ఎక్కడో, ప్రత్యామ్నాయం చూపకుండా ఖాళీ చేయించవద్దన్న కోరిక, వ్యక్తిగతంగా వాదన వినమన్న కోరిక తప్పకుండా ఉండాలి. వందమంది ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వవద్దు. ఒక్కో ఇంటికి ఒక్కో జవాబు, ఒక్కో ఇంటి రుజువులు. ఉమ్మడి అర్జీ దానికి తోడుగా వేరే ఇవ్వండి.

అదే రోజు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని పెట్టాలి. కాబట్టి దరఖాస్తు ఇంటి ఇల్లాలి పేరున పెట్టడం తేలిక. ఫోను చేయాలంటే 15100. పొక్లెయిన్ వచ్చి నిలబడ్డాక హైకోర్టులో రిట్ వేయడం కంటే, నోటీసు వచ్చిన వారంలో వేస్తే స్టే వచ్చే అవకాశం ఎక్కువ. రిట్‌లో ప్రార్థన "చట్ట ప్రకారం నడుచుకోవాలి" అన్నంతతో ఆపకండి. అలా అడిగితే అలాగే ఉత్తర్వు వస్తుంది, నెల తర్వాత అన్ని కాగితాలూ సరిగా పెట్టుకుని మళ్ళీ కూల్చడానికి వస్తారు. సర్వే చేసి జాబితా ప్రకటించాలి, పని చోటుకు ఇంత దూరంలోపు ప్రత్యామ్నాయం చూపాలి, అది సిద్ధమై నీళ్ళూ కరెంటూ వచ్చేదాకా ఖాళీ చేయించకూడదు. ఈ మూడూ విడివిడిగా, స్పష్టంగా అడగండి. సర్వే జాబితా వార్డు సచివాలయంలో అంటించిన రోజే చూసుకోండి. పేరు లేకపోతే అభ్యంతరం గడువు ముగిసేలోపు కరెంటు బిల్లు, పిల్లల బడి సర్టిఫికెట్ జతచేసి ఇచ్చి, రసీదు తీసుకోండి. సచివాలయం సిబ్బందికి నా విన్నపం కూడా ఇదే. రసీదు ఇవ్వండి.